కోసి తీసిన గడ్డ ఎటు పోతోంది?

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక జిల్లా పేజీల్లో ఒక వార్త తరచూ కనిపిస్తుంది. ఫలానా ఆసుపత్రిలో కడుపులోంచో మెడలోంచో ఇన్ని కిలోల కణితిని తొలగించారని, రోగి కోలుకుంటున్నారని రాస్తారు. పక్కనే ఫొటో. అందులో ఆకుపచ్చ గౌన్లు వేసుకున్న డాక్టర్లు, వారి ముందు స్టీలు ట్రేలో గడ్డ. కష్టమైన ఆపరేషన్ చేసిన వైద్యులను మెచ్చుకోవలసిందే. నా కళ్లు మాత్రం ప్రతిసారీ ఆ ట్రే దగ్గరే ఆగిపోతాయి. ఫొటో తీశాక ఆ గడ్డ ఎటు పోయింది? దాన్ని ఫార్మాలిన్ (ముక్క కుళ్లకుండా కాపాడే ద్రవం) సీసాలో వేశారా? సీసా మీద రోగి పేరు రాశారా? పరీక్షకు పంపారా? ఆ నివేదిక రోగి చేతికి అందిందా? వార్తలో ఈ ముక్క ఉండదు. ఇకమీదట ఇటువంటి వార్త రాసే విలేకరులు ఈ ప్రశ్న అడిగి, వచ్చిన జవాబును కూడా అచ్చు వేయాలని కోరుతున్నాను. ఎందుకు కోరుతున్నానో కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

నేను ప్రభుత్వాసుపత్రుల్లో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. కొంతకాలం మహబూబ్‌నగర్‌లో, ఎక్కువ కాలం నల్లగొండలో పనిచేశాను. చాలావరకు బయాప్సీ విభాగంలోనే గడిచింది. సర్జన్లు కోసి పంపిన ముక్కను అందుకోవడం, పెథాలజిస్టు (ముక్కను మైక్రోస్కోపు కింద చూసి రోగం తేల్చే డాక్టరు) అందులోంచి ఎంచి ఇచ్చిన భాగాల్లో నీరు తీసేసి మైనంలో బిగించడం, ఆ మైనపు దిమ్మెను మైక్రోటోమ్ మీద మూడు నాలుగు మైక్రాన్ల మందాన కోయడం, ఆ పొరను గాజు పలక మీదికి ఎక్కించి రంగు వేయడం నా పని. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అంత పలచని పొరలో కనిపించేదాన్ని బట్టి ఒక మనిషికి క్యాన్సర్ ఉందో లేదో తేలుతుంది. నేను డాక్టరును కాను, రోగం ఇదని తేల్చే అర్హత నాకు లేదు. అయితే ఆ ముక్కలు మా బల్ల మీదికి ఏ స్థితిలో వచ్చేవో ఏళ్ల తరబడి నా చేతులతో చూశాను.

చిన్న పట్టణాల నర్సింగ్‌హోముల్లో ఒక అలవాటు ఉంది. ఆపరేషన్ అయ్యాక ముక్కను రోగి తరఫు మనిషి చేతికిచ్చి, ల్యాబులో ఇచ్చి రమ్మంటారు. ఆ మనిషి అప్పటికే రాత్రంతా నిద్ర లేకుండా ఉంటాడు. చేతిలో ఉన్నదేమిటో, ఎంత విలువైనదో ఎవరూ చెప్పరు. ముక్కలు పచ్చడి సీసాల్లో వచ్చేవి, మందుల డబ్బాల్లో వచ్చేవి, పైభాగం కోసేసిన సెలైన్ బాటిళ్లలో వచ్చేవి. సీసాలో ఉండవలసింది పది శాతం ఫార్మాలిన్. అదీ ముక్క పరిమాణానికి కనీసం పది రెట్లు ఉండాలి. చాలా సీసాల్లో ఉత్త సెలైన్ ఉండేది, కొన్నింట్లో అదీ ఉండేది కాదు. సెలైన్‌లో వేసిన ముక్క మే నెల ఎండలో దేవరకొండ నుంచి బస్సులో వచ్చేసరికి కణాలు కరిగిపోయి ఉంటాయి. మూత తీయగానే వాసనను బట్టే తెలిసిపోయేది. ఆ ముక్కను ఎంత జాగ్రత్తగా కోసినా, ఎంత చక్కగా రంగు వేసినా పెథాలజిస్టుకు చదవడానికి ఏమీ మిగలదు.

హాలియా వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన నాకు బాగా గుర్తు. సీసాను తువ్వాలులో చుట్టి, రెండు చేతులతో పొదివి పట్టుకుని వచ్చాడు. అందులో ఉన్నది ఆయన భార్య మెడ నుంచి తీసిన థైరాయిడ్ సగభాగం. ఆ సీసాలో ఫార్మాలిన్ ఉంది, అంతవరకు సంతోషమే. కానీ సీసా మూతి చిన్నది. కోసినప్పుడు మెత్తగా ఉంది కాబట్టి లోపలికి పోయింది, ఒక రాత్రి ఫార్మాలిన్‌లో నాని గట్టిపడ్డాక బయటికి రాలేదు. చివరికి గుడ్డ చుట్టి సీసాను పగలగొట్టాం. మా పెథాలజిస్టు మేడమ్ పట్టకారుతో గాజు పెంకులు ఒక్కొక్కటే ఏరారు. గడ్డ పైపొర ఒక చోట చిరిగింది. ఆ పొర ఆపరేషన్‌కు ముందే చిరిగి ఉందా, గాజుతో ఇప్పుడు చిరిగిందా అని ఆమె చాలాసేపు తలపట్టుకున్నారు. సీసా మీద స్కెచ్ పెన్‌తో ‘థైరాయిడ్’ అని రాసి ఉంది. సగం అక్షరాలు ఫార్మాలిన్ తగిలి చెరిగిపోయాయి. రోగి పేరు లేదు, వయసు లేదు, కుడివైపుదో ఎడమవైపుదో లేదు. పెద్దాయన గుమ్మం దగ్గరే నిలబడి ఆ పనంతా చూస్తూ ఉన్నాడు.

పైపొర దగ్గర ఆమె అంతసేపు ఎందుకు ఆగారో చెబితే ఈ ఉత్తరంలో సగం చెప్పినట్టే. థైరాయిడ్ గడ్డలు చాలా సాధారణం. స్కానింగ్ చేస్తే పెద్దవాళ్లలో ఎంతోమందికి కనిపిస్తాయి. వాటిలో ఎక్కువ భాగం ప్రమాదం లేనివి. ప్రమాదం ఉన్నదేదో తేల్చడానికి ముందు అల్ట్రాసౌండ్ చేస్తారు, తర్వాత సన్నని సూదితో కణాలు తీసి చూస్తారు. ఆ సూది పరీక్ష నివేదికలను ప్రపంచమంతా బెథెస్డా పద్ధతిలో ఆరు తరగతులుగా రాస్తారు. మొదటి తరగతి అంటే చాలినన్ని కణాలు రాలేదని అర్థం. జబ్బు లేదని కాదు. ఈ తేడా తెలియక ఊరట చెంది ఇంటికి వెళ్లిపోయినవాళ్లను చూశాను. రెండోది ప్రమాదం లేనిది, ఆరోది క్యాన్సర్. అసలు చిక్కు మధ్యలో ఉంటుంది. నాలుగో తరగతిలో వచ్చే ఫాలిక్యులర్ గడ్డ మామూలుదో క్యాన్సరో సూది చెప్పలేదు. రెండింట్లోనూ కణాలు ఒకేలా ఉంటాయి. తేడా అంతా గడ్డ చుట్టూ ఉన్న పొరలో ఉంటుంది. కణాలు ఆ పొరను చీల్చుకుని బయటికి వచ్చాయా, రక్తనాళంలోకి చొరబడ్డాయా అన్నదే ప్రశ్న. మన నల్లగొండ బత్తాయి రసం రుచి చూసి తొక్కకు చిల్లు ఉందో లేదో చెప్పలేనట్టే ఇదీ. అందుకే గడ్డ మొత్తం, పొర చెడకుండా, పెథాలజిస్టు చేతికి రావాలి. ఆ పొరను చుట్టూతా అనేక ముక్కలుగా కోసి చూస్తేనే తేలుతుంది. ఆపరేషన్ సాగుతుండగానే ముక్కను గడ్డకట్టించి చూసే ఫ్రోజెన్ సెక్షన్ పరీక్షతో కూడా ఈ ప్రశ్న చాలాసార్లు తెగదు.

అంటే ఫాలిక్యులర్ గడ్డ విషయంలో ఆపరేషనే పరీక్ష. గడ్డ తీసి దాన్ని పరీక్షకు పంపకపోతే ఆ రోగికి చేసినది సగం పనే. నా లెక్కలో కణితి ఆపరేషన్ ముగిసేది బయాప్సీ నివేదికలో ఉన్నది రోగికి అర్థమయ్యేలా చదివి చెప్పిన రోజునే.

మా పిన్ని కూతురి సంగతి ఇక్కడ చెప్పక తప్పదు. నకిరేకల్ దగ్గర పల్లెలో ఉంటుంది, నాకంటే చిన్నది. పెళ్లయిన కొన్నేళ్లకు మెడలో గడ్డ వస్తే ఒక ప్రైవేటు నర్సింగ్‌హోములో ఆపరేషన్ చేయించారు. గడ్డ తీసేశాం, ఇక ఏమీ లేదు అని చెప్పి పంపారు. చాలా ఏళ్ల తర్వాత తుంటి ఎముకలో నొప్పి మొదలైంది. కాల్షియం మాత్రలు, నొప్పి మాత్రలు, నాటు వైద్యం అన్నీ అయ్యాక హైదరాబాద్ తీసుకెళ్తే, ఎముకలో ఉన్నది థైరాయిడ్ నుంచి రక్తం ద్వారా పాకిన క్యాన్సర్ అని తేలింది. అక్కడి డాక్టర్ మొట్టమొదట అడిగింది పాత బయాప్సీ రిపోర్టు. మా పిన్ని బట్టల దుకాణం కవరు ఒకటి తెచ్చి మంచం మీద కుమ్మరించింది. గది అద్దె రసీదు ఉంది, సెలైన్ల బిల్లు ఉంది, దూది, గాజుగుడ్డ బిల్లు కూడా ఉంది. ఆ గడ్డ గురించి ఒక్క కాగితం లేదు. “గడ్డ తీసేశారు కదమ్మా, ఇంకేం కాగితం ఇస్తారు?” అని నన్ను అడిగింది మా పిన్ని. చెల్లెలికి ఇప్పుడు వైద్యం జరుగుతోంది. ఆనాడే తెలిసి ఉంటే మిగిలిన గ్రంథి తీసేసి, మిగిలిన థైరాయిడ్ కణాలను చంపే రేడియో అయోడిన్ ఇచ్చి, ఏటా పరీక్షలు చేస్తూ ఉండేవారు. ఆ అవకాశం ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. ఈ మాట రాస్తుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది, దాచుకోను.

నా మాటలు చదివి మెడ తడుముకుని గడ్డ ఉందని కంగారుగా ఆపరేషన్‌కు పరుగెత్తవద్దని కూడా అంతే గట్టిగా చెబుతున్నాను. దక్షిణ కొరియాలో ఆరోగ్య తనిఖీల పేరిట ఎంతోమందికి మెడ స్కానింగ్ చేశారు. 1993తో పోలిస్తే 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 15 రెట్లయ్యాయి. మరణాలు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. అంటే ప్రాణానికి ఏ హానీ చేయని చిన్న చిన్న గడ్డలకు కూడా వేలమంది మెడ కోయించుకున్నారు. ఆ కోతకు మూల్యం ఉంటుంది. గ్రంథి మొత్తం తీస్తే జీవితాంతం రోజూ పరగడుపున థైరాక్సిన్ మాత్ర వేసుకోవాలి.

మాత్ర ఒక్కటే అయితే సరిపెట్టుకోవచ్చు. థైరాయిడ్ వెనుక నుంచి స్వరపేటికకు వెళ్లే నరం ఉంటుంది. దానికి దెబ్బ తగిలితే గొంతు బొంగురుపోతుంది, రెండువైపులా తగిలితే ఊపిరే ఆడదు. గ్రంథిని ఆనుకుని సాధారణంగా నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులు ఉంటాయి. ఒక్కొక్కటి సుమారు ఐదారు మిల్లీమీటర్లు మాత్రమే. పొరపాటున వాటినీ తీసేస్తే, లేదా వాటికి రక్తం అందకపోతే ఒంట్లో కాల్షియం పడిపోతుంది. స్విట్జర్లాండ్ సర్జన్ థియోడర్ కోషర్ రక్తస్రావాన్ని అదుపులో పెడుతూ, ఒక్కో పొరను ఓపికగా విడదీస్తూ ఈ ఆపరేషన్‌లో మరణాలను ఒక శాతం కంటే తక్కువకు తెచ్చారు. థైరాయిడ్ మీద చేసిన కృషికి 1909లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. వందేళ్లు దాటినా ఆ ఓపికకు ప్రత్యామ్నాయం రాలేదు.

మన జిల్లాల్లో నన్ను భయపెట్టేది ఆపరేషన్ కంటే ఆ తర్వాతి రాత్రి. హైదరాబాద్ నుంచి సర్జన్ వస్తారు, మధ్యాహ్నం ఆపరేషన్ చేస్తారు, సాయంత్రం కారెక్కి వంద కిలోమీటర్ల దూరం వెళ్లిపోతారు. రాత్రి డ్యూటీలో అనుభవం లేని అమ్మాయి ఒక్కతే ఉంటుంది. థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత లోపల రక్తం కారి గూడుకడితే మెడ వాచి, శ్వాసనాళం మూసుకుపోతుంది. ఎక్కువగా మొదటి కొన్ని గంటల్లోనే, అరుదుగా మర్నాటి దాకా ఈ ప్రమాదం ఉంటుంది. అప్పుడు సర్జన్‌కు ఫోన్ చేసి ఆయన కోసం ఎదురుచూసే వ్యవధి ఉండదు. మంచం దగ్గరే కుట్లు కోసి, గాయాన్ని తెరిచి, రక్తాన్ని బయటికి వదలాలి. అందుకు కావలసిన కత్తెర, పట్టకారు మంచం పక్కన సిద్ధంగా ఉండాలి, వాటిని వాడగల డాక్టర్ అదే భవనంలో ఉండాలి. ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు ప్రతి కుటుంబం అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది: ఈ రాత్రి ఇక్కడ ఎవరు ఉంటారు?

కాల్షియం పడిపోవడం మరింత మోసకారి. సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల్లో బయటపడుతుంది. చాలామంది అప్పటికి ఇంటికి చేరుకుని ఉంటారు. మూతి చుట్టూ, వేళ్ల చివర్లలో తిమ్మిర్లు మొదలవుతాయి, తర్వాత చేతులు కొంకర్లు పోతాయి. ఊళ్లో దాన్ని నీరసం అనుకుని గ్లూకోజు ఎక్కిస్తారు, లేదా గాలి సోకిందని తాయెత్తు కడతారు. రోగికి కావలసింది కాల్షియం, అదీ వెంటనే. డిశ్చార్జి కాగితం మీద తెలుగులో రెండు వాక్యాలు రాసిస్తే చాలు: మూతి చుట్టూ తిమ్మిరి వస్తే వెంటనే ఆసుపత్రికి రండి, ఈ కాగితం చూపించండి. డిశ్చార్జి కాగితాలు ఎన్నో చూశాను. ఆ రెండు వాక్యాలు ఉన్నవి చాలా తక్కువ.

ఫ్లోరైడ్ నీళ్లు తాగిన మన పల్లెలకు ప్రత్యేకమైన సంగతి ఇంకొకటి ఉంది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ప్రాంతాల్లో ఫ్లోరోసిస్‌తో వెన్ను, మెడ బిగుసుకుపోయిన పాతతరం వాళ్లు ఇంకా ఉన్నారు. థైరాయిడ్ ఆపరేషన్‌కు భుజాల కింద దిండు పెట్టి మెడను వెనక్కి వంచుతారు. మత్తు డాక్టర్ గొంతులోకి గొట్టం వేయడానికి కూడా మెడ వంగాలి. ఎముకలు, స్నాయువులు గట్టిపడిన మెడను బలవంతంగా వంచితే వెన్నుపాము నలిగి కాళ్లు చేతులు పడిపోయే ప్రమాదం ఉంది. బయటి ఊరి నుంచి వచ్చే డాక్టరుకు ఇది తట్టకపోవచ్చు. ఇంట్లో అటువంటి పెద్దవాళ్లు ఉంటే మెడ ఎంతవరకు తిరుగుతుందో ముందే చూపించి చెప్పండి. మెడ ఎక్స్‌రే తీయమని అడగండి.

ఇక కాలేయం. ఇక్కడ చిక్కు ఇంకో రకంగా ఉంటుంది. థైరాయిడ్‌లో ముందు సూది వేసి తర్వాత కత్తి పట్టుకుంటారు. కాలేయంలోనైతే సూది వేయడమే ముప్పు కావచ్చు. స్కానింగ్‌లో కాలేయంలో మచ్చ ఉందని రాగానే ఇంటిల్లిపాదీ ఏడుపు మొదలుపెడతారు. మామూలు కాలేయంలో కనిపించే మచ్చల్లో హెమాంజియోమా అనే రక్తనాళాల గడ్డ చాలా సాధారణం, సాధారణంగా దాన్ని ముట్టుకోనవసరం లేదు. తెలియక సూది గుచ్చితే రక్తం కారుతుంది. జ్వరం, కుడి పక్కన నొప్పితో వచ్చే అమీబా చీము గడ్డ ఇంకొకటి. మద్యం అలవాటు ఉన్న మగవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది, చాలావరకు మందులతోనే తగ్గుతుంది. దాన్ని క్యాన్సర్ అనుకుని అప్పులు చేసి నగరానికి పరుగెత్తినవాళ్లున్నారు. క్యాన్సర్‌ను చీము గడ్డ అనుకుని నెలల తరబడి యాంటీబయాటిక్స్ వాడినవాళ్లూ ఉన్నారు.

మహబూబ్‌నగర్‌లో పనిచేసినప్పుడు ఒక గొర్రెల కాపరికి జరిగిన ఆపరేషన్ గుర్తొస్తోంది. కాలేయంలో నీటి తిత్తి. పాలమూరు అంటేనే గొర్రెల మందలు, మంద వెంట కుక్కలు. తిత్తులున్న గొర్రె కాలేయాలు, ఊపిరితిత్తులు తిన్న కుక్క కడుపులో బద్దె పురుగు పెరుగుతుంది, దాని గుడ్లు కుక్క మలం ద్వారా మనిషి తిండిలోకి, నీటిలోకి చేరతాయి. కాలేయంలో హైడాటిడ్ తిత్తి తయారవుతుంది. అది తెలియక సూది గుచ్చినా, ఆపరేషన్‌లో పగిలినా ఆ నీరు ఒంట్లో పడి ప్రాణాంతకమైన అలర్జీ రావచ్చు. కడుపంతా కొత్త తిత్తులు పుట్టుకురావచ్చు. ఆ కాపరి వృత్తి ఏమిటని అడిగిన సర్జన్ మొదటే జాగ్రత్తపడ్డారు. ముందుగా పురుగుల మందు ఆల్బెండజోల్ వాడించారు, ఆపరేషన్‌లో చిక్కటి ఉప్పునీటిలో ముంచిన గుడ్డలను తిత్తి చుట్టూ పరిచి, ఒక్క చుక్క బయట పడకుండా తీశారు. మాకు పంపిన నీటిని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున చేరినదాన్ని మైక్రోస్కోపు కింద పెడితే పురుగు తలల చుట్టూ ఉండే సన్నని కొక్కేలు స్పష్టంగా కనిపించాయి. సీసా మీద పేరు, వయసు, వార్డు, తేదీ, ఎక్కడ నుంచి తీశారో అన్నీ రాసి ఉన్నాయి. “గొర్రెల కాపరి, హైడాటిడ్ అనుమానం” అని దరఖాస్తులో ఒక వరుస రాసి ఉంది. ఆ ఒక్క వరుస మాకు సగం దారి చూపింది. దరఖాస్తులో రోగి వివరం రాయడం గుమాస్తా పని అనుకునే డాక్టర్లకు ఈ సంగతి చెప్పాలని నాకు ఎప్పుడూ ఉండేది.

సిరోసిస్ వచ్చి గట్టిపడిన కాలేయంలో పుట్టే క్యాన్సర్ విషయంలో మాత్రం ముక్క తీయకుండానే తేల్చవచ్చు. మందు ఎక్కించి మూడు దశల్లో సీటీ తీస్తే, గడ్డ ముందు వెలిగి, తర్వాత చుట్టూ ఉన్న కాలేయం కంటే మసకబారుతుంది. నిర్ణీత పరిమాణం దాటిన గడ్డలో ఆ రెండు లక్షణాలూ కనిపిస్తే బయాప్సీ అవసరం ఉండదు. సూది వేస్తే వచ్చే రక్తస్రావం, సూది దారి వెంట కణాలు అంటుకోవడం అనే ప్రమాదాలు తప్పుతాయి. మందు ఎక్కించకుండా తీసిన ఒక్క సీటీతో ఇది తేలదు. ఆ తర్వాత సర్జన్ చూడవలసింది ఎంత తీయాలన్నది ఒక్కటే కాదు, ఎంత మిగులుతుందన్నది కూడా. ఆరోగ్యంగా ఉన్న కాలేయంలో పావు నుంచి మూడో వంతు మిగిలినా మనిషి బతుకుతాడు, అది మళ్లీ పెరుగుతుంది. గట్టిపడిన కాలేయంలో అంత తీస్తే తట్టుకోలేదు. రక్త పరీక్షలో ఏఎఫ్‌పీ (కాలేయ క్యాన్సర్‌లో పెరగగల ఒక ప్రొటీన్) మామూలుగా ఉందని ధైర్యపడేవాళ్లకు ఒక మాట: కాలేయ క్యాన్సర్ ఉన్నవాళ్లలో చాలామందికి అది మామూలుగానే ఉంటుంది. హెపటైటిస్ బి, సి ఉన్నవాళ్లు కామెర్లకు పసరు మందు తాగి ఊరుకోకుండా, డాక్టరు చెప్పిన ప్రకారం ఆరు నెలలకోసారి కాలేయం స్కానింగ్ చేయించుకోవాలి.

ఇవన్నీ డబ్బుతో కొనే యంత్రాల సంగతులు కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ల భద్రత కోసం 19 అంశాల చెక్‌లిస్టు ఇచ్చింది. మత్తు ఇచ్చే ముందు, కోత పెట్టే ముందు, రోగి థియేటర్ వదిలే ముందు మూడుసార్లు ఆగి, అందరూ పైకి చదవాలి. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో పాటించి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ప్రచురించారు. చివరి విడతలో ఒక అంశం ఉంది: ముక్క సీసా మీద రాసినదాన్ని, రోగి పేరుతో సహా, నర్సు గట్టిగా చదవాలి. అర నిమిషం పని. ఆ అర నిమిషం పాటించి ఉంటే మా బల్ల మీదికి పేరు లేని సీసా ఒక్కటీ వచ్చేది కాదు.

మునుపు బయాప్సీ అంటే హైదరాబాదే గతి అనేవారు. ఆ కాలం పోయింది. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. వైద్య కళాశాల ఉన్నచోట పెథాలజీ విభాగం ఉంటుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల నుంచి రక్తం నమూనాలు జిల్లా కేంద్రానికి మోసుకెళ్లే ప్రభుత్వ వాహనాలూ ఉన్నాయి. మిర్యాలగూడ, దేవరకొండ, అచ్చంపేట, కొల్లాపూర్ ఆసుపత్రుల్లో తీసిన ప్రతి ముక్కకూ ఆ వాహనాల్లో ఖాయంగా చోటు ఉండాలి. రోగి బంధువు ఒళ్లో సీసా పెట్టి బస్సెక్కించే పద్ధతి పోవాలి. వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బా, ఫార్మాలిన్, చెరగని సిరాతో రాసిన చీటీ ఆపరేషన్ సామగ్రిలో భాగం కావాలి. ప్రైవేటు నర్సింగ్‌హోములకూ ఇదే నియమం వర్తించాలి. వాటిని తనిఖీ చేసే జిల్లా వైద్యాధికారులు థియేటర్ రిజిస్టరును, బయాప్సీ రిజిస్టరును పక్కపక్కన పెట్టి సరిపోల్చాలి. ఎన్ని గడ్డలు తీశారు, ఎన్ని నివేదికలు వచ్చాయి అన్నది పది నిమిషాల్లో తేలిపోతుంది.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న ప్రయోగాత్మకంగా మొదలైన మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. ఇప్పుడు పరిమితి పది లక్షలకు పెరిగింది. కణితి ఆపరేషన్‌కు డబ్బు చెల్లించే ముందు, బయాప్సీ నివేదిక తనకు అందిందని, అందులో ఏముందో చెప్పారని రోగి చేసిన సంతకం అడిగితే చాలు. చాలా ఆసుపత్రులు తమంతట తామే దారికి వస్తాయి. ఆరోగ్యశాఖ మంత్రి కార్యాలయం ఈ ఒక్క మార్పును పరిశీలించాలని మనవి.

రోగుల వైపు నుంచి కూడా కొంత జరగాలి. మన దగ్గర డాక్టరును కాగితం అడగడం అమర్యాద అనుకుంటారు. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం రోగి అడిగితే 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలి, ఆసుపత్రిలో చేరిన రోగుల రికార్డులను మూడేళ్లు దాచాలి. పరీక్ష కోసం ఇచ్చిన అంగీకారం ఆపరేషన్‌కు ఇచ్చిన అంగీకారం కాదని, రోగికి తగినంత వివరం చెప్పాకే సంతకం తీసుకోవాలని 2008లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాబట్టి సంతకం పెట్టే ముందు అడగండి. సూది పరీక్షలో ఏ తరగతి వచ్చింది? గ్రంథి సగం తీస్తున్నారా, మొత్తమా? ఎందుకు? నా గొంతు తంతులను ముందే చూశారా? బయాప్సీ ఎక్కడికి పంపుతారు, నివేదిక ఎప్పుడు వస్తుంది? మంచి డాక్టర్ ఈ ప్రశ్నలకు విసుక్కోరు. నాతో పనిచేసిన సర్జన్లలో గొప్పవాళ్లంతా నివేదిక రాలేదని మా గదికి స్వయంగా ఫోన్ చేసి అడిగినవాళ్లే.

చివరగా, బయాప్సీ అయినవాళ్లకు ఒక సంగతి. మీ ముక్కలోంచి చేసిన మైనపు దిమ్మెలు, గాజు పలకలు ల్యాబులో ఉంటాయి. దిమ్మె ఏళ్ల తరబడి చెడదు. దాని నుంచి మళ్లీ పొరలు కోసి కొత్త పరీక్షలు చేయవచ్చు. రెండో అభిప్రాయం కోసం నిమ్స్‌కో, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో వెళ్లేటప్పుడు రిపోర్టు ఒక్కటే తీసుకెళ్తే అక్కడి పెథాలజిస్టు చూడగలిగేది ఏమీ ఉండదు. దరఖాస్తు రాసి, సంతకం చేసి, స్లైడ్లనూ దిమ్మెలనూ అడిగి తీసుకోండి. వాటి మీది నంబరు, రిపోర్టు మీది నంబరు ఒకటేనా అని అక్కడే సరిచూసుకోండి. గాజు పలకలను దూది పెట్టి గట్టి డబ్బాలో సర్దండి. ఎండాకాలంలో దిమ్మెలను బస్సు కిటికీ దగ్గరా, కారు అద్దం కిందా పెట్టవద్దు. ఆ మైనం 60 డిగ్రీల లోపే కరిగిపోతుంది.

ఇట్లు,
విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్,
నల్లగొండ.
(పేరు ప్రచురించవద్దని మనవి)